గుఱ్ఱము చదివిన పాఠము

జర్మనీ దేశపు రాజధానియైన బెర్లిను నగరమున, 1900 ప్రాంతమున, విల్హెల్ము ఫాన్ ఓస్టెను అను వృద్ధుడొకడు నివసించుచుండెను. పూర్వమాయన పాఠశాలలో గణితము బోధించినవాడు. ఉద్యోగము మానిన పిమ్మట వేడుకకై ఒక గుఱ్ఱమును తెచ్చి పెంచుకొనెను. స్వారికి గాని, పందెములకు గాని ఆయనకు గుఱ్ఱము అక్కఱలేదు. దానికి చదువు చెప్పవలెనన్నదే ఆయన కోరిక. ఆ గుఱ్ఱము పేరు హాన్సు.

గ్రీబెనో వీధిలోని యింటి లోగిలియే పాఠశాల. నల్లబల్ల, సుద్దముక్క, లెక్కించుటకు కొయ్యబొమ్మలు మొదలుగా చిన్నపిల్లల బడిలో నుండునవన్నియు అచట నుండెను. గుఱ్ఱము నోటితో బదులు చెప్పజాలదు గదా! కావున కుడి ముంగాలితో నేలను తట్టి సమాధానము చెప్పుట దానికి నేర్పెను. మూడునకు మూడుమారులు, ఏడునకు ఏడుమారులు. సరిగా తట్టినపుడెల్ల రొట్టెముక్కయో, క్యారెట్టు దుంపయో, చక్కెర బిళ్లయో నోటికందించుచుండెను. ఇట్లు నాలుగేండ్లు గడచెను. ఓర్పన్న నదియే ఓర్పు!

1904 నాటికి హాన్సు కూడికలు, తీసివేతలు, భిన్నముల లెక్కలు సైతము చేయుచున్నదని నగరమంతయు చెప్పుకొనసాగెను. గడియారము చూచి గంట చెప్పెడిది. చూడవచ్చినవారి నుండి యజమాని కానీ యైనను పుచ్చుకొనలేదు. ఇందు మోసమేమైన నున్నదేమో తెలిసికొనుటకై ఆ సంవత్సరము సెప్టెంబరులో మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడగు కార్ల్ స్టుంఫు మొదలగు పెద్దల సంఘమొకటి వచ్చి పరిశీలించెను. అందు పశువైద్యుడుండెను, జంతుప్రదర్శనశాలాధికారి యుండెను, జంతువులచే ఆటలాడించుటలో ఆఱితేఱిన సర్కసు యజమానియు నుండెను. మోసము కానరాలేదు. యజమాని దగ్గఱ లేనప్పుడు ఇతరులడిగినను హాన్సు సరిగానే బదులు చెప్పుచుండెను.

అంతట స్టుంఫు శిష్యుడైన ఆస్కారు ఫుంగ్‌స్టు ఈ విషయమును లోతుగా శోధింప పూనుకొనెను. అతడు రెండు చిన్న మార్పులు చేసెను. మొదటిది, ప్రశ్నించువానికే సమాధానము తెలియకుండ చేయుట. సంఖ్య వ్రాసిన అట్టముక్కను అడుగువాడు తాను చూడక గుఱ్ఱమునకు మాత్రమే చూపెను. హాన్సు తప్పు చెప్పెను. మఱియొకటి చూపెను, మఱల తప్పే! రెండవది, అడుగువాడు కానరాకుండ గుఱ్ఱము కన్నులకు ప్రక్కగంతలు కట్టుట. అప్పుడది లెక్క మాట మఱచి, అడుగువానిని చూచుటకై మెడ త్రిప్పుచు పెనగులాడెను.

రహస్యము బయటపడెను. ప్రశ్న అడిగినవాడు గుఱ్ఱపు కాలిని చూచుటకై తనకు తెలియకయే తల కొంచెము వంచును. అది చూచి హాన్సు తట్ట నారంభించును. సరియైన సంఖ్య రాగానే అడుగువాని తల వెండ్రుకవాసి పైకి లేచును. హాన్సు ఆగును. అంతే! చుట్టునున్న పండితులలో నొక్కరికిని ఆ కదలిక కానరాలేదు. ఫుంగ్‌స్టు ఈ శోధనను 1907లో గ్రంథముగా ప్రకటించెను.

ఓస్టెను దానిని ఒప్పుకొనలేదు. 1909లో మరణించువఱకు తన గుఱ్ఱమునకు గణితము వచ్చుననియే ఆయన విశ్వాసము. ఆయన బాధ అర్థము చేసికొనదగినదే. నాలుగేండ్లు తాను లెక్కలు నేర్పితి ననుకొనెను. గుఱ్ఱము నేర్చినది లెక్కలు కావు, గురువునే. అట్లని హాన్సును మూఢజంతువని తలచుట అన్యాయము. పదుగురు విద్వాంసులు చూడజాలని దానిని అది చూచినది.

ఇట్టి చూపు గుఱ్ఱమున కెట్లబ్బినది? అది మూలమున బయలు మైదానములలో మందలుగా తిరిగిన జంతువు. క్రూరమృగము వచ్చునన్న సంగతిని తోడి గుఱ్ఱముల మెడల బిగువు వలన, చెవుల కదలిక వలన గ్రహించి బ్రతికినది. ఆ నేర్పునే నేడు యజమానిపై ప్రయోగించుచున్నది. కోపముగానున్న మనుష్యుల ఛాయాచిత్రములను చూపినపుడు గుఱ్ఱముల గుండె త్వరగా వేగము పుంజుకొనునని 2016లో ఇంగ్లండులోని ససెక్సు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని గ్రీకు రచయిత జెనోఫోను క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలోనే తన అశ్వశిక్షణ గ్రంథమున వ్రాసియుండెను.

కావున శిక్షణలో దెబ్బకంటె సమయజ్ఞానము ముఖ్యము. పగ్గమును మెల్లగా బిగింపవలయును. గుఱ్ఱము తల వంచిన క్షణముననే వదలవలయును. ఆ సడలింపే దానికి బహుమానము. క్షణమాలస్యమైనచో, తల ఎగురవైచినందులకే సడలించిరని అది నేర్చుకొనును. ఆ తప్పు గుఱ్ఱముది కాదు. పాఠము కొద్దిసేపు మాత్రమే సాగవలయును. సరిగా చేసినపుడే ముగింపవలయును.

గుఱ్ఱము మనలను చదువునట్లు మనము గుఱ్ఱమును చదువవలసి యున్నది. విరాటుని కొలువులో నకులుడు చేసిన పని యిదియే. గుఱ్ఱపు దేహము పెద్దది గాని కడుపు చిన్నది. దినములో అధికభాగము కొంచెము కొంచెముగా మేయుటకే అది యేర్పడినది. ఉలవలు, ధాన్యము ఒక్కమారుగా కుమ్మరించినచో శూల పుట్టును. గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. తిన్నది వెనుకకు రాదు. అది పదేపదే ప్రక్కలవైపు చూచుకొనుచున్నను, నేలను కాలితో గోకుచున్నను, మేత ముట్టకున్నను, లద్దె వేయకున్నను పశువైద్యునికై వెంటనే కబురంపవలయును. ఆలస్యము ప్రాణాంతకము. పచ్చిక, ఎండుగడ్డి, ఎల్లవేళల మంచినీరు ముఖ్యములు. పెద్ద గుఱ్ఱము దినమునకు 25 లీటర్లకు పైగా త్రాగును.

సరిగా వెనుకనుండువాడును, ముక్కు కొనకు క్రిందనుండు వస్తువును దానికి కానరావు. కావున భుజమువైపు నుండి, మాటలాడుచు సమీపింపవలయును. గిట్టలు గోళ్లవలె పెరుగును. ఆఱు ఎనిమిది వారముల కొకమారు చెక్కింపవలయును. లాడము కట్టువాని నేర్పు వైద్యుని నేర్పునకు తీసిపోదు. దినదినము గిట్టల సందున దూరిన రాళ్లను, బురదను కొక్కెముతో తీసివేయుట మాత్రము యజమాని పనియే. మొదటి దినములలో కాలు పట్టనీయక అది ఈడ్చుకొనును. ఒక చేత భుజము నానుకొని, రెండవ చేతిని మెల్లగా కాలివెంట క్రిందికి జార్చి, ఎత్తినంతనే నిమిరి విడువవలయును. కొన్ని వారములు గడచినపిమ్మట యజమాని ప్రక్కకు వచ్చి నడుము వంచుటయే తడవుగా, అడుగకమునుపే గుఱ్ఱము కాలెత్తి యిచ్చును.