జపరోజెట్స్: కోత యంత్రాల ఫ్యాక్టరీ నుంచి సామాన్యుడి కారు

చిల్పూర్‌లో వరి కోతలకు హార్వెస్టర్ వచ్చినప్పుడు ఈ పాఠం గుర్తు చేసుకోండి. సోవియట్ సామాన్యుడి చిన్న కారు పుట్టింది ఇలాంటి కోత యంత్రాల ఫ్యాక్టరీలోనే. ఉక్రెయిన్‌లోని జపరోజియాలో ఉన్న కొమ్మునార్ ఫ్యాక్టరీని కార్ల తయారీకి మళ్లించారు. 1960లో అక్కడ జపరోజెట్స్ తొలి మోడల్ జాజ్-965 ఉత్పత్తి మొదలైంది.

రూపంలో ఇటలీ ఫియట్ 600ను పోలి ఉన్నా, ఇంజిన్ మాత్రం వేరు. పరీక్షలో తికమక పెట్టగలిగేది ఇదే. ఫియట్‌ది నీటితో చల్లబడే ఇంజిన్. జపరోజెట్స్‌ది గాలితో చల్లబడే నాలుగు సిలిండర్ల వి-4, 746 సీసీ. రేడియేటరే లేదు కాబట్టి తీవ్రమైన చలిలో నీరు గడ్డకడుతుందన్న భయం లేదు. రెండు కార్లలోనూ ఇంజిన్ వెనుకే ఉంటుంది. గుండ్రటి ఆకారం చూసి జనం దీన్ని ‘గూనిది’ అని పిలిచారు. వికలాంగుల కోసం చేతులతోనే నడిపే రకాలూ తయారుచేశారు. నా దృష్టిలో ఈ కారు చరిత్రలో గర్వించదగ్గ అంశం అదే.

తర్వాత 966, 968 మోడళ్లు వచ్చాయి. 1980ల చివర్లో వచ్చిన తావ్రియాలో ఇంజిన్ ముందుకు మారింది. మన సామాన్యుడి కారు మారుతి 800 అప్పటికే, 1983 డిసెంబర్ 14న, రోడ్డెక్కింది.