చక్కెర తొడుగు – సూక్ష్మజీవి బలము

తెలుగులో చక్కెర, సంస్కృతంలో శర్కర, ఉర్దూలో షకర్ – పలుకుబడి వేరైనా మాట మూలం ఒక్కటే. చక్కెర అనగానే మనకు చాయ్ గుర్తుకు వస్తుంది, జహీరాబాదు చెరకు తోటలు గుర్తుకు వస్తాయి. కాని కంటికి కనిపించని సూక్ష్మజీవులు కూడా చక్కెరను ఒక విచిత్రమైన పనికి వాడుకుంటాయి. అవి చక్కెరను ఆరగించుటతో తృప్తి పడక, తమ ఒంటిమీది ప్రోటీన్లకు దానిని తొడుగుగా తొడుగుతాయి. మందుల కర్మాగారాల నడుమ నివసించే మనకు ఈ విషయం కేవలం పాఠ్యాంశం కాదు. మనం త్రాగే నీటితోను, వాడే మందులతోను దీనికి సంబంధం ఉన్నది.

ముందుగా మూల సూత్రం తెలుసుకొందాము. ప్రోటీను అనేది ఎమైనో ఆమ్లాల గొలుసు. ఏ ఆమ్లం తర్వాత ఏ ఆమ్లం రావాలో జన్యువు నిర్ణయిస్తుంది. గొలుసు తయారైన పిమ్మట దానికి చక్కెర అణువులను అతికించడాన్ని గ్లైకోసైలేషన్ అంటారు. చక్కెర వరుసను జన్యువు నేరుగా వ్రాసి పెట్టదు. ఒకదాని తర్వాత ఒకటిగా పనిచేసే ఎంజైములు ఆ వరుసను కూర్చుతాయి. అతుకు ముఖ్యంగా రెండు విధాలు. ఆస్పరజిన్ అనే ఎమైనో ఆమ్లపు నత్రజనికి చక్కెర అతికితే అది ఎన్-బంధం. సెరీన్ లేక థ్రియోనిన్ యొక్క ఆక్సిజనుకు అతికితే అది ఓ-బంధం.

చాలాకాలం వరకు ఈ విద్య మొక్కలు, జంతువులు, శిలీంధ్రాల వంటి ఉన్నత జీవులకే తెలుసునని శాస్త్రజ్ఞులు భావించారు. 1976లో ఆ భావన సడలినది. ఉప్పునీటిలో బ్రతికే హాలోబాక్టీరియం పై పొరలోని ప్రోటీనుకు చక్కెర అతికి ఉన్నదని మెషర్, స్ట్రోమింజర్ చూపించారు. అదే సంవత్సరం స్లైటర్, థార్న్ అనే పరిశోధకులు వేడిని ఇష్టపడే క్లాస్ట్రీడియం జాతులలో ఇటువంటి విషయమే ప్రకటించారు. హాలోబాక్టీరియం పేరులో బాక్టీరియా ఉన్నా, తరువాతి వర్గీకరణలో అది ఆర్కియా అనే వేరొక వర్గానికి చేరినదని విద్యార్థులు గమనించాలి.

నేడు ఈ ప్రక్రియ వివరంగా తెలిసినది కాంపైలోబాక్టర్ జెజునై అనే బాక్టీరియాలో. కోళ్ళ ప్రేగులలో ఇది ఏ హానీ చేయక నివసిస్తుంది. మనిషి ప్రేగులలో చేరితే జ్వరం, నీళ్ళ విరేచనాలు, రక్త విరేచనాలు కలిగిస్తుంది. ఇది ఏడు చక్కెర అణువుల గుత్తిని కణత్వచం లోపలివైపున ఒక కొవ్వు అణువు మీద ముందే కూర్చుకొంటుంది. ఆ గుత్తిని ఒక ఎంజైము త్వచానికి ఆవలివైపుకు త్రిప్పుతుంది. అక్కడ పి.జి.ఎల్.-బి అనే మరొక ఎంజైము దానిని ప్రోటీనుకు అతికిస్తుంది. దొరికిన చోటనెల్లా అతికించదు. ఆస్పరజిన్ తర్వాత రెండవ స్థానంలో సెరీన్ గాని థ్రియోనిన్ గాని ఉండాలి. అంతేగాక ఆస్పరజిన్‌కు రెండు స్థానాల ముందు ఆస్పార్టిక్ ఆమ్లమో గ్లుటామిక్ ఆమ్లమో ఉండాలి. 2002లో ఈ మొత్తం యంత్రాంగాన్ని ఇ. కోలై బాక్టీరియాలోకి మార్చగా, అక్కడ కూడా అది చక్కగా పనిచేసినది.

ఇంత శ్రమ ఎందుకు? చక్కెర తొడుగు వలన ప్రోటీనుకు కలిగే లాభాలను ఇట్లు చెప్పవచ్చును. మొదటిది రక్షణ. ప్రేగులలో ప్రోటీన్లను త్రుంచివేసే ఎంజైములు ఉంటాయి. చక్కెర గుత్తి అడ్డుగా నిలిచినచోట వాటి కత్తెర సులభంగా ఆడదు. రెండవది స్థిరత్వం. ప్రోటీను తన ఆకారాన్ని నిలుపుకొనుటకు చక్కెర తోడ్పడుతుంది. మూడవది నివాసం. ఈ యంత్రాంగపు జన్యువులను చెడగొట్టినప్పుడు కాంపైలోబాక్టర్ కోడిపిల్లల ప్రేగులలో మునుపటివలె స్థిరపడలేకపోయినది.

నాలుగవది చలనం. బాక్టీరియాను ఈదించే తోక వంటి కశాభం ఫ్లాజెలిన్ అనే ప్రోటీనుతో నిర్మితమైనది. కాంపైలోబాక్టర్ ఫ్లాజెలిన్‌కు సూడమినిక్ ఆమ్లం అనే ప్రత్యేకమైన చక్కెర ఓ-బంధంతో అతికి ఉంటుంది. ఒక రకంలో ఇటువంటి అతుకులు 19 చోట్ల ఉన్నట్లు 2001లో లెక్కించారు. ఈ చక్కెరను తయారు చేయలేని బాక్టీరియాలో కశాభమే ఏర్పడదు. ఈదలేని బాక్టీరియా ప్రేగు గోడను చేరలేదు.

ఇక మన ప్రాంతానికి అన్నిటికంటె ముఖ్యమైన ఐదవ విషయం. ఆంటిబయాటిక్ మందు లోపలికి ప్రవేశించగానే దానిని తోడి బయటకు పారబోసే పంపులు బాక్టీరియాలకు ఉన్నాయి. కాంపైలోబాక్టర్‌లో అటువంటి ముఖ్యమైన పంపు సి.ఎమ్.ఇ.-ఎ.బి.సి. దాని భాగాలకు కూడా ఈ చక్కెర గుత్తి అతికి ఉంటుందని, ఆ అతుకులు తీసివేస్తే పంపు బలం తగ్గి మందు ఎక్కువగా పనిచేస్తుందని 2020లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి. ఆ పంపు తోడివేసే మందులలో సిప్రోఫ్లాక్సాసిన్ ఒకటి.

ఈ పేరు పటాన్‌చెరుకు క్రొత్త కాదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్, ఆయన సహచరులు 2007లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలం చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు మ్రింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటె ఇది ఎక్కువ! అంటే శుద్ధి అయిన తరువాత కూడా ఆ నీరు పలుచని ఔషధమే. అటువంటి నీటిలో బలహీనమైన బాక్టీరియా చనిపోతుంది. మందును తట్టుకొనగలిగినది మిగిలి సంతానం పెంచుతుంది. తట్టుకొనే జన్యువులను ఒక బాక్టీరియా మరొకదానికి అందించగలదు కూడా.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చక్కెర తొడుగే మందుకు లొంగనితనాన్ని పుట్టిస్తుందని అనుకొనరాదు. సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో కాంపైలోబాక్టర్‌కు ప్రధాన బలం మందు తాకే లక్ష్యమైన ప్రోటీనులో వచ్చే మార్పు. పంపు దానికి తోడు నిలుస్తుంది. చక్కెర ఆ పంపును నిలబెడుతుంది. ఒకే శత్రువుకు మూడు అంచెల కోట అన్నమాట. కావున చక్కెర అతికించే ఎంజైమును ఆపగల పదార్థం దొరికితే, అది బాక్టీరియాను నేరుగా చంపకపోయినా, పాత మందులకు పోయిన పదును కొంతవరకు తిరిగి రావచ్చునని ఆశించుటకు ఆస్కారం ఉన్నది.

బాక్టీరియా నేర్పిన ఈ విద్యనే మానవుడు తన రక్షణకు కూడా వాడుకొన్నాడు. టైఫాయిడ్ బాక్టీరియా పై కవచం వి.ఐ. అనే చక్కెర గొలుసు. దానిని ఒంటరిగా టీకా వేస్తే రెండేళ్ళలోపు పిల్లలలో రోగనిరోధక శక్తి సరిగా కలుగదు. పెద్దవారిలో కూడా జ్ఞాపకం ఎక్కువకాలం నిలువదు. అదే గొలుసును ధనుర్వాతపు టాక్సాయిడ్ ప్రోటీనుకు రసాయనికంగా అతికించినప్పుడు పసివారి శరీరం సైతం దానిని గుర్తించి జ్ఞాపకం ఉంచుకొంటుంది. హైదరాబాదు నగరపు భారత్ బయోటెక్ సంస్థ ఈ విధంగా తయారు చేసిన టీకాకు 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించినది. ఆరు నెలల పసిబిడ్డకు కూడా దీనిని వేయవచ్చును. చక్కెరకు ప్రోటీను తోడైనందువలన వచ్చిన ఫలితమిది.

విద్యార్థులారా! మీలో పలువురు రేపు ఈ ప్రాంతపు కర్మాగారాలలోను, ప్రయోగశాలలలోను పనిచేయబోతున్నారు. మందు తయారు చేసే చేయి, మందు కలిసిన నీటిని వాగులోకి వదలే చేయి వేరువేరు కావు. నీటి నమూనాను పరీక్షించి అంకె వ్రాయవలసిన బాధ్యత మీ మీద పడవచ్చును. ఆ అంకెను ఉన్నది ఉన్నట్లుగా వ్రాయండి. కంటికి కనిపించని జీవి ఏడు చక్కెర అణువులను సరైన చోట, సరైన వరుసలో అతికించుటకు ఎంత నియమం పాటిస్తున్నదో చూచితిమి. మన పనిలో కూడా అంతటి నియమం ఉంటే ఈ గడ్డమీద తయారయ్యే మందు రోగిని కాపాడుతుంది, మన వాగు నీరు ఊరిని కాపాడుతుంది.