విమోచన పొందినవాని కృతజ్ఞత



పాపంనుండి విడుదల పొందిన మనిషి నోట మొదట వచ్చేది స్తోత్రమే. అది సహజం, యుక్తం కూడా. క్రైస్తవ వేదాంతం ఈ విడుదలను విమోచన అంటుంది, అనగా తాను తీర్చలేని వెలను మరొకరు చెల్లించగా బానిసత్వంనుండి బయటపడడం. అర్హత చూడకుండా దేవుడు చూపే ఆ దయకే కృప అని పేరు. అయితే కృప పొందినవాని కృతజ్ఞత దేవునివైపు మాత్రమే చూస్తూ, తన పాపంవల్ల నష్టపోయిన మనుషులను మరచిపోవచ్చునా అన్నది కొత్తగా బాప్తిస్మం పొందిన ప్రతి విశ్వాసీ ఆలోచించవలసిన సంగతి.

ఈ విషయంలో జాన్ న్యూటన్ జీవితం గొప్ప పాఠం. 1725లో లండన్‌లో పుట్టిన ఈ నావికుడు, 1748 మార్చిలో అట్లాంటిక్ సముద్రంమీద గ్రేహౌండ్ అనే ఓడ తుపానులో చిక్కి మునిగిపోబోతున్న వేళ దేవుని కరుణకోసం మొరపెట్టి, ప్రాణాలతో బయటపడి, ఆ దినాన్ని ఏటేటా కృతజ్ఞతతో జ్ఞాపకం చేసుకున్నాడు. అయినా అటు తరువాతనే, 1750 నుండి 1754 వరకు, బానిసల ఓడలకు కెప్టెనుగా మూడు ప్రయాణాలు చేశాడు. పైన ఆదివారంనాడు నావికులచేత ప్రార్థన చేయిస్తుండగా, కింద ఇరుకైన గదులలో రెండు అంతస్తులుగా సంకెళ్లతో పడుకోబెట్టిన ఆఫ్రికా ప్రజలకు పక్కకు ఒత్తిగిలే చోటు కూడా ఉండేది కాదు. ఆ వృత్తిని ఆయన మానింది మనస్సాక్షి గద్దించినందువల్ల కాదు, ఆరోగ్యం చెడినందువల్ల. 1764లో గురువుగా అభిషేకం పొంది ఓల్నీ అనే ఊరిలో సేవచేస్తూ, 1773 నూతన సంవత్సర ప్రసంగానికై వ్రాసిన గీతమే 1779లో అచ్చై, నేడు ‘అమేజింగ్ గ్రేస్’ అనే పేరుతో లోకమంతటా వినబడుతున్నది. తాను చేసిన వ్యాపారాన్ని గూర్చి బహిరంగంగా ఒప్పుకొని, ఓడలలోని ఘోరాలను వివరిస్తూ ఆయన చిన్న పుస్తకం ప్రచురించింది మాత్రం 1788లో, అంటే తుపాను దాటిన 40 ఏళ్లకు. 1790లో పార్లమెంటు సంఘం ఎదుట కూడా సాక్ష్యమిచ్చాడు. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించిన 1807లోనే కన్నుమూశాడు. ఆ గీతంలోని కృతజ్ఞత నటన కాదు గాని, అది పరిపూర్ణమైంది ఈ పుస్తకంలోనే అనడం న్యాయం.

లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య అంత ఆలస్యం చేయలేదు. తప్పు ఒప్పుకొన్నవాడు అసలుతోపాటు అయిదవ వంతు కలిపి ఇస్తే చాలునని సంఖ్యాకాండములోని ధర్మశాస్త్రం చెబుతుండగా, యెరికో పట్టణపు ఆ సుంకరి, అనగా రోమా ప్రభుత్వానికి పన్ను వసూలుచేసే అధికారి, గొర్రెల దొంగకు నిర్గమకాండము విధించిన నాలుగంతల చెల్లింపును తనకు తానే విధించుకున్నాడు. ఇది క్షమాపణను కొనుక్కోవడం కాదు. యేసు అప్పటికే పిలువకుండా అతని ఇంట అడుగుపెట్టాడు, చెల్లింపు ఆ తరువాతి మాట.

నేటి ఉజ్జీవ సభలలో సాక్ష్యం, అనగా ప్రభువు తన జీవితంలో చేసిన కార్యాన్ని సంఘం ఎదుట చెప్పడం, మంచి అలవాటే. కాని పాత పాపాలను వివరంగా వర్ణించే సాక్ష్యంలో, ఎగ్గొట్టిన కూలి డబ్బులు కూలివానికి చేరాయో లేదో, కట్నంకోసం వేధించిన భార్యను క్షమాపణ అడిగారో లేదో తరచుగా వినబడదు. చచ్చినవారికి న్యూటన్ ఏమీ తిరిగి ఇవ్వలేకపోయినట్లే, కొన్ని నష్టాలు పూడవు. అటువంటిచోట నిజం చెప్పడం, మిగిలినవారి పక్షాన నిలబడడం ఉన్నాయి. పూడ్చగలిగినవాటికి మాత్రం ఆలస్యం తగదు. బలిపీఠమునొద్ద అర్పణను విడిచి ముందు సహోదరునితో సమాధానపడమన్నది కొండమీది ప్రసంగంలోని స్పష్టమైన ఆజ్ఞ గనుక, సంఘం ఎదుట సాక్ష్యం చెప్పడానికి నిలువకముందే విశ్వాసి తాను బాకీపడిన ఇంటికి వెళ్లి రావలెనని ప్రేమపూర్వకమైన మనవి.