మారుతున్న దొడ్డబళ్ళాపురం

కర్ణాటక రాష్ట్రంలో దొడ్డబళ్ళాపురం ఒక తాలూకా కేంద్రం. ఇది బెంగళూరుకు ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఇక్కడినుండి గౌరిబిదనూరు మీదుగా రైలులో గాని, బస్సులో గాని ఆంధ్రప్రదేశ్‌లోని హిందూపురం చేరవచ్చు. ఈ ఊరిలో కన్నడంతోపాటు తెలుగు, ఉర్దూ భాషలు కూడా వినిపిస్తాయి. తెలుగు మాట్లాడే నేత కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి.

దొడ్డబళ్ళాపురం మరమగ్గాలకు పేరు పొందినది. ఇక్కడ పట్టు చీరలు, కృత్రిమ పట్టు చీరలు నేస్తారు. చాలామంది నేతగాళ్ళకు ఇల్లే పని చేసే చోటు. మగ్గం నడిపేది ఒక్కరే కావచ్చు. కాని ఆ పనిలో ఇంటిల్లిపాదికీ పాలు ఉంటుంది. ఒకరు కండెలు చుడతారు. ఒకరు తెగిన పోగులు అతుకుతారు. మరొకరు నేసిన చీరను సరిచూసి మడతపెడతారు. ఇంతమంది కష్టపడినా చీరకు వచ్చే కూలి ఒక్కటే. అది ఇంటిపెద్ద చేతికి వస్తుంది. కనుక ఆ ఇంట్లో సంపాదించేది ఒక్కరే అని చూసేవారికి తోస్తుంది.

కాలక్రమంలో ఈ ఊరికి బెంగళూరు దగ్గరవుతూ వచ్చింది. పక్కనున్న బాశెట్టిహళ్ళిలో పరిశ్రమలు వెలిశాయి. దుస్తులు కుట్టే కర్మాగారాలు వచ్చాయి. 2008లో పొరుగు తాలూకా అయిన దేవనహళ్ళిలో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమయింది. పని వెతుక్కుంటూ ఇతర జిల్లాలనుండి, ఇతర రాష్ట్రాలనుండి కూడా జనం వచ్చి చేరారు. పట్టణ జనాభా 2001లో 70 వేలకు పైగా ఉండగా, 2011 నాటికి 80 వేలు దాటింది.

అదే కాలంలో నేతపనికి ఇబ్బందులు పెరిగాయి. సూరత్‌లో వేగంగా నడిచే యంత్రాలమీద తయారైన చవక చీరలు బజారులో పోటీకి నిలిచాయి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చినప్పుడు మగ్గాలు ఆగిపోయాయి. కొన్ని ఇళ్ళలో పెద్దవారు మగ్గం వదలకపోయినా, పిల్లలు కర్మాగారాలకు వెళ్ళసాగారు. కండెలు చుట్టిన అమ్మాయి కుట్టుపనికి వెళితే నెలనెలా ఆమె పేరుమీదనే జీతం వస్తుంది. ఆమె ఇంతకుముందు కూడా పని చేసినదే. అయితే అప్పటి పనికి విడిగా కూలి లేదు. ఇప్పటి పనికి ఉన్నది.

ఊరు పెరిగినంతమాత్రాన అందరి ఆదాయమూ పెరిగినట్లు కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వీధిలో మూడు ఇళ్ళు ఉన్నాయనుకొందాం. వాటి నెలసరి ఆదాయాలు 10,000, 15,000, 95,000 రూపాయలు. మొత్తం 1,20,000 రూపాయలు. సగటు 40,000 రూపాయలు. కాని ఆ మూడు ఇళ్ళలో ఏ ఒక్క ఇంటి ఆదాయమూ 40,000 కాదు. రెండు ఇళ్ళవారు అందులో సగం కూడా ఎరుగరు. సగటు ఒక్కటే చూస్తే వారి కష్టం కనబడదు.

మరి ఊరి స్థితి ఎలా తెలుస్తుంది? మన దేశంలో సాధారణంగా పదేళ్ళకు ఒకసారి జనాభా లెక్కలు తీస్తారు. 2021లో జరగవలసిన లెక్కలు కోవిడ్ మూలంగా వాయిదా పడ్డాయి. ఈ లెక్కలలో ఇంటి ఆదాయం ఎంత అని అడగరు. ఎవరు ఏ పని చేస్తారు, ఎక్కడినుండి వచ్చారు, మాతృభాష ఏది అని అడుగుతారు. కూలి లేకుండా సొంత ఇంటి మగ్గంపనిలో సాయపడేవారు కూడా పనిచేసేవారే అని ఈ లెక్కల నియమం. అయినా అడిగినప్పుడు చాలామంది, “ఆమె ఇంట్లోనే ఉంటుంది, పనేమీ లేదు” అని చెప్పేస్తారు. ఆ ఒక్క మాటతో ఆమె శ్రమ లెక్కనుండి జారిపోతుంది.

భాష సంగతీ అంతే. 2011 లెక్కల ప్రకారం కర్ణాటకలో సుమారు 35 లక్షలమంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. కన్నడం, ఉర్దూల తరువాత రాష్ట్రంలో ఎక్కువమంది మాతృభాష ఇదే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లెక్కలో మరొక భాష రాయిస్తే ఆ సంఖ్య తగ్గుతుంది. లెక్కకు రానివారి అవసరాలను ప్రభుత్వం గుర్తించడం కష్టం.

కాబట్టి లెక్కలు తీసేవారు ఇంటికి వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. మగ్గం నడిపే తండ్రి పేరుతోపాటు కండెలు చుట్టే తల్లి పనిని కూడా రాయించాలి. ఊరి మార్పు సరిగా తెలియాలంటే ఇంటి లెక్క సరిగా ఉండాలి.

అభ్యాసం

1. నేతగాళ్ళ ఇంట్లో సంపాదించేది ఒక్కరే అని చూసేవారికి ఎందుకు తోస్తుంది?
2. దొడ్డబళ్ళాపురం జనాభా పెరగడానికి కారణాలేవి?
3. సగటు ఆదాయం ఒక్కటే చూస్తే చాలదని ఉదాహరణతో వివరించండి.
4. మీ ఇంట్లో కూలి లేకుండా జరిగే పనులేవి? వాటిని ఎవరు చేస్తారు? పట్టిక రాయండి.