వేసవికి ముందు కూలర్, ఏసీ శుభ్రత



మన అనంతపురంలో ఫిబ్రవరి చివరికే ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. మంచం పట్టిన పెద్దవారికి, బాలింతలకు, పసిపిల్లలకు చల్లగాలి విలాసం కాదు, అవసరం. అందుకే అటక మీది కూలర్ దించే ముందు, ఏసీ స్విచ్ వేసే ముందు ఈ పాఠం ఇంటిల్లిపాదీ చదవండి.

జ్వరంతో వచ్చినవారిని మేము "ఇంట్లో కూలర్ ఉందా? నీళ్ళు ఎప్పుడు మార్చారు?" అని అడుగుతాము. "మార్చేదెందుకు సిస్టర్, తగ్గినప్పుడల్లా పోస్తానే ఉన్నాం కదా" అంటారు కొందరు. "నీళ్ళకే కరువు, పారబొయ్యమంటారా?" అంటారు మరికొందరు. ఆ బాధ మాకు తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మనది. కాబట్టి నీళ్ళు వృథా కాకుండా చేసే పద్ధతే ఇక్కడ చెబుతున్నాము.

ఎండిన తొట్టిలో ఏముంది?

డెంగీని మోసే టైగర్ దోమ నీటి అంచున, తొట్టి గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు ఇంకిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. నిరుడు ఎండబెట్టి దాచిన కూలర్‌లో ఈ ఏడు నీళ్ళు పోయగానే అవి పొదుగుతాయి. వారం, పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. ఈ దోమ పగటిపూట కుడుతుంది. కాబట్టి నీళ్ళు పారబోస్తే మాత్రమే చాలదు, గోడలను రుద్దాలి.

కూలర్ శుభ్రం చేసే విధానం

1. ముందుగా ప్లగ్ పీకండి. స్విచ్ ఆపితే చాలదు.

2. పాత గడ్డి తీసివేసి కొత్తది వేయండి. తేనెపట్టు వంటి అట్టల ప్యాడ్లు అయితే దుమ్ము పోయేలా కడగండి. బోరు నీటి ఉప్పు తెల్లగా పేరుకొని ఉంటే నిమ్మరసం కలిపిన నీళ్ళలో నానబెట్టి కడగండి.

3. తొట్టి అడుగు, నాలుగు గోడలు, మూలలు గట్టి బ్రష్‌తో, సబ్బుతో రుద్ది కడిగి ఎండలో ఆరనివ్వండి.

4. వాడుతున్నన్నాళ్ళూ వారానికొకసారి తొట్టి ఖాళీ చేసి రుద్దండి. ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రై డే పాటించమనేది ఇందుకే. నీళ్ళు తగ్గేంతవరకు గురువారం కొత్తగా పోయకుండా ఉంటే, పారబోయవలసినవి కొద్దిగానే మిగులుతాయి. వాటిని పొడి నేలమీద పోయండి. కాలువలో, మరో పాత్రలో పోయవద్దు.

5. వాసన పోతుందని తొట్టి నీళ్ళలో ఫినాయిల్, బ్లీచింగ్ కలపవద్దు. ఆ ఆవిరి మీరే పీలుస్తారు. ఉబ్బసం ఉన్నవారికి అది మరీ ప్రమాదం.

6. కూలర్ నడిచేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి. పొడిగాలి ఉన్నచోటే కూలర్ బాగా పనిచేస్తుంది. గది మూసేస్తే తేమ పెరిగి ఉక్కపోస్తుంది.

షాక్ కొట్టకుండా

ఇనుప బాడీ కూలర్‌కు తడి తోడైతే కరెంటు ప్రాణం తీస్తుంది. మూడు పిన్నుల ప్లగ్, ఎర్త్ ఉన్న సాకెట్ తప్పనిసరి. వైరు కోసుకుపోయిందేమో, పంపు వైరు నీళ్ళలో తెగి ఉందేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కూలర్ నడుస్తుండగా నీళ్ళు పోయవద్దు. వట్టి కాళ్ళతో, తడి చేతులతో తాకవద్దు. పిల్లలకు ఈ పని చెప్పవద్దు. ఎవరికైనా షాక్ తగిలితే వారిని పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అందకపోతే ఎండు కర్రతో తప్పించి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఏసీ ఉన్నవారు

మన ఎర్రమట్టి దుమ్ము ఫిల్టర్‌ను త్వరగా మూసేస్తుంది. వాడకం ఉన్నప్పుడు రెండు వారాలకొకసారి ఏసీకి కరెంటు ఆపి, ఫిల్టర్ తీసి మామూలు నీళ్ళతో కడిగి, నీడన పూర్తిగా ఆరాక పెట్టండి. తడిగా పెడితే బూజు పడుతుంది. స్విచ్ వేయగానే ముక్క వాసన, తుమ్ములు, దగ్గు వస్తే లోపల బూజు ఉందని అనుమానించాలి.

లోపలి కాయిల్, బయటి యూనిట్, నీరు పోయే పైపును ఏడాదికొకసారి వేసవికి ముందే మెకానిక్‌తో శుభ్రం చేయించండి. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. ప్రతి ఏడూ నింపాలంటే ఎక్కడో కారుతోందని అర్థం. ముందు ఆ కారే చోటు మూయించండి. కొన్ని కొత్త ఏసీల గ్యాస్‌కు నిప్పంటుకునే గుణం ఉంది కాబట్టి సొంతంగా విప్పవద్దు.

పైపు కింద పెట్టిన బకెట్టు మరచిపోతే అదీ దోమల తొట్టే. ఆ నీళ్ళు రోజూ మొక్కలకు పోయండి, తాగడానికి పనికిరావు. 2020 జనవరి నుండి మన దేశంలో గది ఏసీలను 24 డిగ్రీలకు అమర్చి అమ్మాలన్న నిబంధన ఉంది. అంతకు తగ్గించకుండా, ఫ్యాను తోడుగా వేసుకుంటే బిల్లూ తగ్గుతుంది.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

ఎక్కువ జ్వరం, కళ్ళ వెనుక నొప్పి, ఒళ్ళు నొప్పులు ఉంటే డెంగీ కావచ్చు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం కావచ్చు. జ్వరం తగ్గిందని ఊరట పడవద్దు, అసలు ప్రమాదం తరచుగా అప్పుడే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, మత్తు, మూత్రం తగ్గడం వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే వెంటనే రండి.

ఈ వారం మీ ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

తొట్టి గోడలు రుద్దామా? ప్లగ్‌కు ఎర్త్ ఉందా? ఫిల్టర్ ఎప్పుడు కడిగాము? ఏసీ పైపు కింద బకెట్టు ఖాళీగా ఉందా?

నాలుగింటికీ సరైన జవాబు వచ్చాకే స్విచ్ వేయండి. పక్కింట్లో ఒంటరిగా ఉండే అవ్వకో, తాతకో కూలర్ ఉంటే, మీ ఇంటి పిల్లవాడిని కాదు, మీరే వెళ్ళి శుభ్రం చేసి రండి. మీ తొట్టి ఎంత శుభ్రంగా ఉన్నా, ఆ ఇంటి తొట్టిలో పుట్టిన దోమ మీ ఇంటికీ వస్తుంది.