క్రిములకు తిండి పెడుతున్నది కంచం కాదు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. జిన్నింగ్ మిల్లులో పని. చాలాకాలంగా షుగరు ఉంది. ఈ ఏడాది రెండుసార్లు నిమోనియా వచ్చింది. ఊపిరితిత్తుల్లో క్రిములు చక్కెర తిని పెరుగుతాయని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి జొన్నరొట్టె, అన్నం మానేసి మజ్జిగతో గడుపుతోంది. అది నిజమేనా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: ముందు అమ్మకు రొట్టె పెట్టండి తల్లీ. షుగరు మాత్రలు వేసుకుంటూ పస్తుంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

ఆమె విన్నదాంట్లో కొంత నిజముంది. నిమోనియా తెచ్చేవాటిలో ముఖ్యమైన న్యుమోకోకస్ బతికేది చక్కెరల మీదే. అందుకే ఆరోగ్యవంతుల ఊపిరితిత్తుల లోపలి పల్చని తడిపొరలో గ్లూకోజు చాలా తక్కువగా, రక్తంలో ఉండేదాంట్లో దాదాపు పదో వంతే ఉండటం మనకొక రక్షణ. రక్తం నుంచి ఊరిన కాస్త గ్లూకోజునూ అక్కడి కణాలు లోపలికి లాగేసుకుంటాయి. రక్తంలో షుగరు పెరిగితే ఊరేదీ పెరుగుతుంది, తెల్లరక్తకణాల చురుకూ తగ్గుతుంది. క్రిమికి రెండు విధాలా లాభం.

గ్లూకోజు దొరకకపోయినా న్యుమోకోకస్ ఆగదు. కళ్లెకు జిగటనిచ్చే మ్యూసిన్ అనే ప్రొటీన్లకు చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. తన ఎంజైములతో వాటి చివరి నుంచి ముందు సయాలిక్ ఆమ్లాన్ని, ఆ తర్వాత గెలాక్టోజును కోసుకుని, తన పొరలోని రవాణా ప్రొటీన్లతో లోపలికి చేరవేసుకుంటుంది. అమ్మ ఎంత పస్తున్నా దానికి తిండి కరువు ఉండదు, నీరసపడేది అమ్మే.

మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించి, మందులు సరిచేయించండి. న్యుమోకోకస్ టీకా గురించీ అడగండి. దూది దుమ్ము వల్ల వచ్చే దగ్గేలే అని మిల్లుల్లో చాలామంది ఊరుకుంటారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష తప్పదు.

ప్రశ్న: మగ్గం నేసే మా నాన్నకు టీబీ అని తేలింది. షుగరూ ఉంది. టీబీ క్రిమికీ చక్కెరే తిండా?
– ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: మన రోగనిరోధక కణాల్లోనే దాక్కునే టీబీ క్రిమి ఎక్కువగా కొవ్వు, కొలెస్టరాల్ మీద బతుకుతుంది. చక్కెరల్లో దానికి కీలకమైనది ట్రెహలోజు. తన గోడ కట్టుకునేటప్పుడు బయటపడే ఆ చక్కెరను వృథా పోనీయకుండా మళ్లీ లోపలికి తీసుకుంటుంది. ఆ దారి మూసేస్తే ఎలుకల్లో క్రిమి బలహీనపడిందని 2010లో శాస్త్రవేత్తలు చూపించారు. ఆ దారిని మూసే మందు ఇంకా చికిత్సలోకి రాలేదు.

షుగరు ఉన్నవారికి టీబీ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కొన్ని షుగరు మాత్రల పనిని తగ్గిస్తుంది. అందుకని షుగరు తరచూ చూపించండి, డాక్టరు ఇన్సులిన్ రాస్తే భయపడకండి. పప్పు, గుడ్డు, వేరుశనగలు పెట్టండి. నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలకు పెరిగింది. అది నాన్న ఖాతాలో పడుతోందో లేదో చూడండి. టీబీ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. దగ్గు తగ్గిందని మధ్యలో ఆపనివ్వకండి.