పడిన మాను – నిలిచిన ఇల్లు

ఉద్దేశం : ప్రకృతి వైపరీత్యాలను మనం ఆపలేం. కాని అవి మిగిల్చిన దానిని తెలివితో, శ్రమతో, పరస్పర సహకారంతో ఉపయోగంలోకి తెచ్చుకోగలం. ఈ విషయాన్ని తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

తుపాను వెలిసిన మర్నాడు ఊరివారికి రెండు కష్టాలు ఎదురవుతాయి. ఒకటి, తలదాచుకోవడానికి ఇల్లు ఉండదు. రెండు, దారుల్లోను, తోటల్లోను ఎటు చూసినా కూలిన చెట్లే. ఇల్లు కట్టుకోవడానికి కలప కావాలి. కలప అంతా కళ్ళ ముందే పడి ఉంది. అయినా అది దుంగగా ఉన్నంతకాలం ఎవరికీ అక్కరకు రాదు. దానిని దూలంగా, వాసంగా, పలకగా కోసేవారు కావాలి. కోత మిల్లు పట్నంలో ఉంటుంది. దారులు తెగిపోయిన రోజుల్లో అంతంత బరువైన మానులను అక్కడికి చేర్చేదెలా?

1996 నవంబరు 6న కోనసీమను, యానాం ప్రాంతాన్ని పెనుతుపాను తాకింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని, ఒడిశా సరిహద్దు ప్రాంతాలను దెబ్బతీసింది. అదే ఏడాది నవంబరులో గజ తుపాను తమిళనాడు తీరంపై విరుచుకుపడింది. ఈ మూడింటిలోనూ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. కన్నబిడ్డలా పెంచుకున్న చెట్టు కూలితే రైతు పడే బాధ ఎలాంటిదో మీ పెద్దలను అడిగితే చెబుతారు.

ఇలాంటి నష్టమే ఇంకా పెద్ద ఎత్తున ఫిలిప్పీన్స్ దేశంలో జరిగింది. 2013 నవంబరు 8 తెల్లవారుజామున హయాన్ అనే తుపాను సమార్ ద్వీపంలోని గుయువాన్ వద్ద తీరం దాటింది. ఆ దేశస్థులు దానిని యోలాండా అంటారు. ఆరువేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. సుమారు పదకొండు లక్షల ఇళ్ళు దెబ్బతిన్నాయి. దాదాపు 3 కోట్ల 30 లక్షల కొబ్బరిచెట్లు కూలడమో, దెబ్బతినడమో జరిగింది. పదిలక్షల మందికి పైగా కొబ్బరి రైతుల బతుకుతెరువు పోయింది. తిరిగి మొక్క నాటితే అది కాపుకు రావడానికి ఆరు నుంచి తొమ్మిది ఏళ్ళు పడుతుంది.

పడిన మానును అలాగే వదిలేస్తే అది ఊరికే ఉండదు. కుళ్ళుతున్న కొబ్బరి మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లనుంచి పెరిగిన పురుగులు నిలిచి ఉన్న చెట్ల మొవ్వును తొలుస్తాయి. అంటే పడిన చెట్టు, గాలికి తట్టుకొని మిగిలిన చెట్టును కూడా చంపుతుందన్నమాట. కాబట్టి మానులను త్వరగా తొలగించాలి. తగలబెడితే పీడ వదులుతుంది కాని కలప దక్కదు. కోసుకుంటే రెండు పనులూ నెరవేరుతాయి.

ఇక్కడే చిన్న కోత యంత్రాలు ఎంతో సాయపడ్డాయి. పెద్ద మిల్లులో రంపం ఒకచోటే ఉంటుంది, దుంగ దాని దగ్గరికి వెళుతుంది. ఈ చిన్న యంత్రంలో దుంగ ఉన్నచోటే ఉంటుంది, రంపమే పట్టాల మీద దాని వెంట నడుస్తుంది. కత్తులకు సానపట్టేవాడు మన వాకిట్లోకి వచ్చినట్లు, ఇది పడిన చెట్టు దగ్గరికే వస్తుంది. కొన్నింటిని బండికి తగిలించి లాక్కుపోవచ్చు. మరికొన్నింటిని విడదీసి నలుగురు మోసుకుపోవచ్చు.

కొబ్బరి మానును కోయడానికి దాని స్వభావం తెలియాలి. టేకు, వేప వంటి చెట్లలో గట్టి చేవ మధ్యన ఉంటుంది. కొబ్బరిలో ఇది తలకిందులు. మానుకు అంచున ఉన్న భాగం గట్టిది, నడిమి భాగం మెత్తనిది. అలాగే మొదలు గట్టిది, తల మెత్తనిది. అందువల్ల అంచు కలపను దూలాలకు, నిట్రాళ్ళకు వాడతారు. దాని లోపలి కలప గోడ పలకలకు పనికివస్తుంది. నడిమి మెత్తని కలప మీద బరువు మోపకూడదు. అన్నింటినీ కలిపి కట్టిన ఇల్లు వచ్చే గాలికి నిలవదు. కొబ్బరి కలప మట్టికి తగిలినా, వానకు తడిసినా త్వరగా పుచ్చిపోతుంది. కనుక గుంజలను నేలలో పాతకుండా సిమెంటు దిమ్మెలపై నిలపడం మంచిది. కోసిన పలకల మధ్య సన్నని పుల్లలు పెట్టి, నీడన గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టాలి.

ఈ పనిలో ప్రమాదాలూ ఉన్నాయి. ఒకదానిపై ఒకటి పడిన చెట్లలో వంగి, బిగుసుకొని ఉన్న మానును కోసినప్పుడు అది విల్లులా ఎగిరి తన్నుతుంది. ఇంటి పక్క చెట్లలో ఎప్పుడో కొట్టిన మేకులుంటాయి. అవి తగిలితే రంపం పళ్ళు విరిగిపోతాయి. అందుకే నేర్పు లేనివారు యంత్రాన్ని ముట్టుకోరాదు. అయితే సాయం చేయడానికి యంత్రమే పట్టనక్కరలేదు. దుంగలను దొర్లించేవారు, మేకులు వెతికేవారు, పలకలు పేర్చేవారు, అన్నం వండి పెట్టేవారు - అందరూ కావలసినవారే.

ఫిలిప్పీన్స్ పల్లెల్లో ‘బయానిహాన్’ అనే ఆచారం ఉంది. పూర్వం ఒక కుటుంబం తావు మారవలసి వస్తే ఊరివారంతా కలిసి వెదురు బొంగులపై ఆ ఇంటినే భుజాన మోసుకుపోయేవారు. ప్రతిఫలంగా వారికి భోజనం పెట్టేవారు. కూలి మాట ఉండేది కాదు. ఇలాంటి గుణం ఒక్క దేశానిదే కాదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను అమెరికాలోని ఉత్తర కరొలీనా కొండప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు కూడా సొంత కోత యంత్రాలున్నవారు వాటితో వచ్చి, పడిన చెట్లను ఇళ్ళ కోసం ఉచితంగా కోసి ఇచ్చారు.

పడిన చెట్టు తిరిగి కాయదు. కాని ఆ చెట్టును పెంచిన రైతు దానితోనే వేసుకున్న కప్పు కింద తడవకుండా నిద్రపోగలడు. కొత్తగా నాటిన మొక్క కాపుకు వచ్చేదాకా నిలదొక్కుకోవడానికి ఆ నీడ అతనికి ఎంతో అవసరం.

అభ్యాసం

1. కూలిన కొబ్బరి మానులను త్వరగా ఎందుకు తొలగించాలి?
2. చిన్న కోత యంత్రానికి, పెద్ద మిల్లుకు గల భేదమేమిటి?
3. కొబ్బరి మానులో ఏ భాగాన్ని ఏ పనికి వాడాలి? ఎందుకు?
4. ‘సాయం చేయడానికి యంత్రమే పట్టనక్కరలేదు.’ ఈ వాక్యాన్ని సమర్థిస్తూ ఐదు వాక్యాలు రాయండి.
5. సొంతవాక్యాల్లో ప్రయోగించండి : అక్కరకు వచ్చు, నిలదొక్కుకొను, నేలమట్టమగు.
6. మీ ప్రాంతంలో తుపాను వచ్చినప్పుడు ఎవరు ఎవరికి ఎలా సాయపడ్డారో పెద్దలను అడిగి తెలుసుకొని రాయండి.